లేక్‌షోర్ రైలు నుంచి అన్నయ్యకు

రైల్లో, క్లీవ్‌లాండ్ దాటాక
జూన్ 9, పొద్దున్న

అన్నయ్యా,

రాత్రి తొమ్మిదిన్నరకి షికాగోలో లేక్‌షోర్ లిమిటెడ్ ఎక్కాం. నీ మేనల్లుడు కిటికీకి తలానించి నిద్రపోతున్నాడు. క్లీవ్‌లాండ్, బఫలో, సిరక్యూస్, ఆల్బనీ, ఈ దారిలో వచ్చే ఈ ఊళ్లన్నిటిలో లా స్కూళ్లు ఉన్నాయి. వీడు మారడానికి ఒక లా స్కూలు చూసుకోవాలి, అందుకే విమానం వద్దన్నాం.

ఇండియానా చీకట్లోనే దాటిపోయింది. అక్కడ వాల్పరైసో అనే ఊళ్లో 1879లో పెట్టిన లా స్కూలు ఉండేది. చేరేవాళ్లు తగ్గి, డబ్బు చాలక 2020లో మూతపడింది. అంతకుముందు దాన్ని టెనెసీలో ఒక యూనివర్సిటీకి అప్పగించబోతే 2018లో అక్కడి ఉన్నత విద్యా కమిషన్ కుదరదంది. స్కూలుకే దొరకని ట్రాన్స్‌ఫర్ వీడికి దొరుకుతుందా అని రాత్రంతా అదే ఆలోచన.

నీకు జాన్ మార్షల్ అంటే మార్బరీ కేసు తీర్పిచ్చిన జడ్జి కదా. ఇందాక దాటిన క్లీవ్‌లాండ్‌లో ఒక లా స్కూలు 2022లో ఆయన పేరు తీసేసింది, బానిసల్ని ఉంచుకున్నాడని. షికాగోలో ఆయన పేరున్న స్కూలు అంతకుముందు ఏడాదే తీసేసింది.

బఫలో
జూన్ 10

ఫోనులో నీకు సగమే చెప్పాను. వీణ్ణి చేర్చుకునేటప్పుడు సగం ఫీజు స్కాలర్‌షిప్ అన్నారు. కాగితం కింద ఒక షరతు పెట్టారు: మొదటి ఏడాది సగటు 3.0 ఉండాలి. ఇక్కడ నీ పేపరు ఎంత బాగా రాశావన్నది ఒక్కటే చూడరు, పక్కవాడికంటే ఎంత బాగా రాశావో చూస్తారు. ఎంతమందికి ఏ, ఎంతమందికి బీ అన్నది దాదాపు ముందే ఖాయం. దీన్నే కర్వ్ అంటారు. వీడి క్లాసులో నడిమి పిల్లాడికి వచ్చేదే 2.9. అంటే క్లాసులో సగం మందికి పైగా 3.0 అందుకోలేరని స్కూలుకి ముందే తెలుసు, తెలియంది మనకే. ఒక్కో సబ్జెక్టుకి సెమిస్టరంతటికీ ఒక్కటే పరీక్ష. వీడికి 2.6 వచ్చింది.

ఇలా ఎంతమందికి స్కాలర్‌షిప్ పోయిందో ప్రతి స్కూలూ ఏటా బయటపెట్టాలని అమెరికన్ బార్ అసోసియేషన్ 509వ నిబంధన ఉంది. ట్రాన్స్‌ఫర్ మీద ఎంతమంది వచ్చారో, ఏయే స్కూళ్ల నుంచి వచ్చారో కూడా అందులోనే ఉంటుంది. కనీసం పన్నెండు మంది వచ్చి ఉంటే వాళ్ల మార్కులూ ఇస్తారు. హోటల్ గదిలో ఆ పట్టికలన్నీ ముందేసుకుని కూర్చున్నాం. పేరున్న స్కూళ్లలోకి వెళ్లినవాళ్లు దాదాపు అందరూ తమ క్లాసులో మొదటి వరస వాళ్లే. లా స్కూలు ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో ఎంత వచ్చిందన్నది ఇప్పుడు పెద్దగా లెక్కలోకి రాదు, మొదటి ఏడాది మార్కులే అన్నీ. పైగా మారి వచ్చినవాళ్లకి స్కాలర్‌షిప్ ఇచ్చే స్కూళ్లు తక్కువ. వీడు ఒక గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పు సంగతి ఇంకో తలనొప్పి. సర్కారు అప్పు పిల్లాడి వెంట దానంతటది రాదు. ఫాఫ్సా అనే సర్కారు సాయం అర్జీలో కొత్త స్కూలు పేరు చేర్చాలి, పాత స్కూలు తన వైపు మంజూరు రద్దు చేసుకోవాలి. ఇదివరకు గ్రాడ్ ప్లస్ అనే సర్కారు అప్పు కింద మొత్తం ఖర్చుకి సరిపడా అప్పు దొరికేది. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి అది లేదు. లా చదివేవాళ్లకి ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000. అది దాటితే ప్రైవేటు బ్యాంకే దిక్కు. గ్రీన్‌కార్డు ఉండబట్టి వీడికి ఇదైనా ఉంది. ఎఫ్-1 వీసా మీద వచ్చిన మన పిల్లలకి ఇదీ లేదు. మీ వీధిలో ఎవరైనా అడిగితే చెప్పు.

స్టేట్ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ మొత్తానికి లా స్కూలు ఈ బఫలోలోదొక్కటే. ప్రైవేటు వాటికంటే ఫీజు తక్కువ. ఈ రాష్ట్రంలో ఏడాది ఉండి స్థానికుడినని రుజువు చేసుకుంటే ఇంకా తగ్గుతుంది. వీడికి ఊరు నచ్చలేదు, చలి ఎక్కువట. షికాగోలో పెరిగినవాడు అనే మాటేనా!

ఆల్బనీ
జూన్ 12

ఇక్కడి లా స్కూలు 1851 నాటిది. న్యూరెంబర్గ్ విచారణలో అమెరికా తరఫున వాదించిన రాబర్ట్ జాక్సన్ ఇక్కడ ఒక్క ఏడాదే చదివాడు. లా డిగ్రీ లేకుండానే 1941లో సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు. న్యూయార్క్‌లో ఇప్పటికీ ఒక ఏడాది లా స్కూలు అయ్యాక మిగతాది లాయరు ఆఫీసులో నేర్చుకుని బార్ పరీక్ష రాయొచ్చు. ఇది విని వీడి మొహం వెలిగింది. నేను ఒప్పుకోలేదు. ఆ దారిన వచ్చినవాణ్ణి చాలా రాష్ట్రాలు లాయరుగా చేర్చుకోవు.

చివరికి తేలింది ఇదీ. ఈ మార్కులతో పేరున్న స్కూలుకి మారడం కుదరదు. ఖర్చు తగ్గుతుందంటేనే మారాలి. బఫలోకి అప్లికేషన్ పెట్టాడు. దొరక్కపోతే పాత స్కూల్లోనే స్కాలర్‌షిప్ కోసం మళ్లీ అర్జీ పెట్టుకుంటాడు. వాళ్లు కాదంటే ఒక ఏడాది ఆగి ఉద్యోగం చేస్తాడు.

కాలవ కింద ఎకరం అమ్మి పంపుతానన్నావు. వద్దన్నయ్యా. డబ్బు వస్తోందని తెలిస్తే వీడు మళ్లీ ఖరీదైన స్కూలు వైపే చూస్తాడు. బేరానికి వచ్చిన ఆసామికి ఈ ఉత్తరం అందిన రోజే లేదని చెప్పేయ్, వదినకి కూడా చెప్పు.

నీ చెల్లెలు