ఎప్పుడెళ్లినా 8,972 మందే!

సిడ్నీలో మారిక్‌విల్ అనే పేట ఉంది. అక్కడి హెన్సన్ పార్క్ ఒకప్పుడు ఇటుకల కోసం మట్టి తవ్విన గొయ్యి. 1933లో అది మైదానమైంది. ఇక్కడ న్యూటౌన్ జెట్స్ జట్టు రగ్బీ లీగ్ మ్యాచ్ ఆడిన ప్రతిసారీ మైకులో ఒకటే ప్రకటన... ‘ఈరోజు వచ్చిన ప్రేక్షకులు 8,972 మంది’! గట్టంతా నిండినా అంతే. కుక్కపిల్లల్ని వెంటేసుకుని కొద్దిమందే వచ్చినా అంతే. ఏళ్ల తరబడి అదే అంకె, అదే నవ్వు.

ఆ నవ్వు వెనక చిన్న బాధా ఉంది. రగ్బీ లీగ్‌లో జట్టుకి పదమూడు మంది. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ని అవతలివాళ్లు పడగొడుతుంటే మనకి కబడ్డీ గుర్తొస్తుంది. సిడ్నీలో ఈ పోటీలు మొదలైన 1908లోనే న్యూటౌన్ క్లబ్బూ పుట్టింది. మూడుసార్లు విజేత. 1981లో ఫైనల్ దాకా వెళ్లింది. రెండేళ్లు తిరక్కుండానే డబ్బు కటకట. 1983 సీజన్ తర్వాత పెద్ద లీగ్ నుంచి బయటికొచ్చేసింది. ఇప్పుడు ఆడేది రెండో అంచె పోటీల్లో.

పెద్ద లీగ్‌లో మిగిలిన పేట జట్ల కష్టం వేరు. బాల్మెయిన్ వాళ్లది లైకార్ట్ ఓవల్. 1934 నుంచీ అదే వాళ్ల ఇల్లు. ఓ పక్క గడ్డి గట్టు, చేత్తో అంకెలు మార్చే పాత స్కోర్‌బోర్డు. 2000లో బాల్మెయిన్, వెస్టర్న్ సబర్బ్స్ కలిసి వెస్ట్స్ టైగర్స్ అయ్యాయి. కాపురం ఒకటే, ఇళ్లు మాత్రం మూడు! లైకార్ట్‌లో కొన్ని మ్యాచ్‌లు, క్యాంప్‌బెల్‌టౌన్‌లో కొన్ని, పారమటాలో 2019లో కట్టిన 30 వేల సీట్ల స్టేడియంలో మరికొన్ని. హారిస్ పార్క్‌లో దోసె తినడానికి వెళ్లే మనవాళ్లకి ఈ చివరిది బాగా తెలిసిన చోటే.

లెక్క ఏమిటంటే, పదిహేను వేలమంది వస్తే లైకార్ట్ కిటకిటలాడుతుంది. అదే జనం 80 వేలకు పైగా పట్టే ఒలింపిక్ స్టేడియంలో కూర్చుంటే పెళ్లయిపోయిన మర్నాటి పందిరిలా ఉంటుంది. పెద్ద స్టేడియంలో మరుగుదొడ్లకి, నీడకి లోటుండదు. కానీ పక్కింటాయన కేక వినపడదు. నన్నడిగితే గట్టుకే నా ఓటు.

అయితే అభిమానం ఒక్కటే కమ్మీల్ని నిలబెట్టదు. 2022లో ఓ స్కూలు రగ్బీ మ్యాచ్ సంబరాల్లో లైకార్ట్ కమ్మీ విరిగి పిల్లలు కింద పడ్డారు. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం వరద సాయానికి డబ్బు కావాలంటూ పేట స్టేడియాల బాగుచేతను పక్కన పెట్టింది. లీగ్ పెద్దలు అలిగి, ఫైనల్‌ని బ్రిస్బేన్‌కి తీసుకుపోతామన్నారు. చివరికి ఫైనల్ సిడ్నీలోనే జరిగింది. లైకార్ట్‌కి 2024లో కేంద్రం, రాష్ట్రం, స్థానిక కౌన్సిల్ కలిసి 4 కోట్ల డాలర్లు ప్రకటించాయి.

సీజన్ మార్చిలో మొదలవుతుంది. జూలైలో వెళ్తే మాత్రం దుప్పటి మర్చిపోకండి. అక్కడ అప్పుడు చలికాలం, గట్టు మీద గడ్డి చెమ్మగా ఉంటుంది.