అమ్మ ఏం తింటోంది?

ఈమధ్య మా ఇంటికి ఎవరొచ్చినా ముందు అమ్మ గురించే అడుగుతున్నారు. "అబ్బో, ఎంత తగ్గారండీ! ఏం చేశారేంటి?" అని. 5 నెలల్లో 84 కిలోల నుంచి 75కి వచ్చింది మరి. అమ్మ నవ్వి ఊరుకునేది. నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఫోన్ తీసి, ఎక్సెల్‌లో గీసిన గ్రాఫు చూపించేవాణ్ణి. వారానికో చుక్క, చక్కగా కిందికి దిగుతున్న గీత. మా ఆఫీసులో ఏ గ్రాఫూ అంత బుద్ధిగా దిగి చావదు :)

ఆ గ్రాఫు చూసుకుని మురిసిపోతూ నేను ఏం చూడటం మర్చిపోయానో చెప్పడానికే ఇదంతా.

అమ్మకి 54 ఏళ్ళు. పదేళ్ళుగా సుగరు, మోకాళ్ళ నొప్పులు సరేసరి. డాక్టరుగారు వారానికోసారి పొట్ట దగ్గర పొడుచుకునే ఇంజెక్షన్ రాశారు. మౌంజారో, వెగోవీ అని పేపర్లలో చూసే ఉంటారు (ఆ రెండూ మన దేశంలోకి 2025లో వచ్చాయి), ఆ కోవలోది. మనం తిన్నాక పేగుల్లోంచి ఒక హార్మోను బయల్దేరి "ఇక చాలు" అని మెదడుకి కబురు చేస్తుంది. ఈ మందు ఆ హార్మోను వేషం వేసుకుని వారమంతా అదే కబురు చెబుతూ ఉంటుంది. పైగా తిన్నది కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. అంచేత ఆకలి వెయ్యదు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది.

మందు పనిచేసింది. సుగరు అదుపులోకి వచ్చింది, మోకాళ్ళు తేలికపడ్డాయి. మందుని తిట్టడానికి రాయట్లేదని ముందే చెప్పేస్తున్నా.

సంక్రాంతి రోజు పొద్దున అమ్మ పీట మీద కూర్చుని పూజ చేసుకుంది. అయ్యాక లేవలేకపోయింది. నేను పరిగెత్తి "మోకాళ్ళా?" అన్నా. "నొప్పేం లేదురా. కాళ్ళు లేవట్లేదు" అంది. 84 కిలోలున్నప్పుడు అబ్బా అమ్మా అనుకుంటూనైనా లేచే మనిషి, 75కి వచ్చాక లేవలేకపోయింది! అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆవకాయ జాడీ మూత నాన్న తీసిస్తున్నారు. కుక్కరు నన్ను దింపమంటోంది. దువ్వెన నిండా జుట్టు.

ఆ మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని తన కంచం చూశా. నాకు 28 ఏళ్ళొచ్చాయి. అమ్మ ఏం తింటోందో అంత శ్రద్ధగా చూడ్డం అదే మొదటిసారి. కాస్త పులిహోర, రెండు ముద్దల పెరుగన్నం. అంతే. "పొద్దున ఏం తిన్నావ్?" అంటే "కాఫీ తాగాగా" అంది. "రోజూ ఇంతేనా?" అంటే మామూలు రోజుల్లో రెండు ఇడ్లీలు, రాత్రికి గ్లాసు మజ్జిగ.

లెక్క వేశా (అదొక్కటే కదా మనకొచ్చింది). ఇడ్లీకి 2 గ్రాముల ప్రొటీన్, పెరుగన్నంలో ఓ 4 గ్రాములు, కాఫీలో పాలు, మజ్జిగ... అన్నీ కలిపినా రోజుకి 15 గ్రాములు దాటట్లేదు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి కిలో బరువుకి 0.83 గ్రాములు కావాలి. అంటే అమ్మకి 62. మామూలు మనిషికే అంత. బరువు తగ్గుతున్నవాళ్ళకి ఇంకా ఎక్కువే కావాలంటారు. పావు వంతు కూడా అందట్లేదన్నమాట!

బయటినుంచి అందకపోతే శరీరం ఊరుకోదు, కండల్లోంచి తీసుకుంటుంది. 2021లో వచ్చిన సెమాగ్లుటైడ్ పరీక్షల్లో 68 వారాలకి సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. వాళ్ళలో కొంతమందికి స్కాన్ తీసి చూస్తే, పోయినదాంట్లో దాదాపు 40 శాతం కొవ్వు కాదు. కండ, నీరు వగైరా. ఏ పద్ధతిలో బరువు తగ్గినా కొంత కండ పోతుంది, అది మందు నేరం కాదు. కానీ సరిగ్గా తినకుండా, కదలకుండా తగ్గితే ఇంకా పోతుంది. నా గ్రాఫులో ఉన్నది ఒకటే గీత. అందులో కొవ్వెంతో, కండెంతో ఎక్కడుంది?

"మాకెందుకు చెప్పలేదమ్మా?" అని కోప్పడ్డా. "ఆకలేస్తే తింటా కదరా. వెయ్యట్లేదు, చెప్పడానికేముంది?" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మా ఇంట్లో నాన్న తిన్నారా అని అమ్మ చూస్తుంది. నేను తిన్నానా అని హైదరాబాదుకి రోజూ ఫోన్ చేసి మరీ అడుగుతుంది. మారు వడ్డించేది అమ్మే. అమ్మకి మారు వడ్డించేది ఎవరు? చికెన్ వండితే ముక్కలు మాకు, అడుగున పులుసు తనకి. అందరూ లేచాక వంటింట్లో ఏదో తిన్నాననిపించేది. ఇన్నేళ్ళూ అమ్మ చేత అన్నం తినిపించింది తన ఆకలి ఒక్కటే. ఆ ఆకలిని ఇంజెక్షన్‌తో ఆపేశాం. దాని బదులు ఆ పని ఎవరు చెయ్యాలో ఎవరం అనుకోలేదు. డాక్టరుగారు "ప్రొటీన్ బాగా తినండమ్మా" అని చెప్పారు కూడా, నేను పక్కనే ఉన్నా. నేను విన్నది డోసు, ధర, ఫ్రిజ్‌లో పెట్టాలన్న సంగతి.

పండగవ్వగానే మళ్ళీ వెళ్ళాం. డోసు పెంచకుండా అక్కడే ఆపారు. తిండి తగ్గినప్పుడు పాత సుగరు మాత్రలు అలాగే మింగితే సుగరు మరీ పడిపోవచ్చని ఒకటి తగ్గించారు. డైటీషియన్ ఇచ్చిన కాగితం నిండా ఓట్సు, అవకాడో, గ్రిల్డ్ చేప. అమ్మ దాన్ని మడిచి పప్పుల డబ్బా కింద పెట్టింది. మళ్ళీ ఆవిడ దగ్గరికే వెళ్ళి మన వంటలతో రాయించుకున్నాం.

మారింది పెద్దగా ఏం లేదు, వరస మారింది. మనం పచ్చడి, పప్పు, కూర, చారు, పెరుగు అన్నీ అన్నంతోనే తింటాం. నాలుగు ముద్దలే పట్టే కడుపుకి ఆ నాలుగూ అన్నమే అయిపోతున్నాయి. ఇప్పుడు ముందు గిన్నెడు ముద్దపప్పో, రెండు గుడ్లో, మీల్ మేకర్ కూరో. అన్నం ఆఖర్న, పడితే. "రోగిష్టిదానిలా చెంచాతో ఉత్త పప్పు తినడమేంట్రా" అని వారం గొణిగింది. పొద్దున ఇడ్లీ బదులు పొట్టు తియ్యని పెసలతో పెసరట్టు. మూడు పూటలది ఐదు సార్లు కొంచెం కొంచెం. మలబద్ధకం రాకుండా నీళ్ళు, ఆకుకూరలు. రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం. వాంతులు ఆగకపోతే ఓర్చుకోకుండా వెంటనే డాక్టరుకి చెప్పాలన్నారు. అలా చాలా రోజులు సాగితే బి1 విటమిన్ కూడా పడిపోవచ్చట. (కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం ప్రొటీన్ సంగతి డాక్టర్నడక్కుండా ఇవేవీ చెయ్యొద్దు.)

తార్నాక సంస్థ 1918లో కూనూరులో మొదలైందే బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి. ఆ జబ్బుకి కారణం ఈ బి1 లేకపోవడమే. తెల్లగా మరపట్టిన బియ్యంతో రోజూ కడుపు నింపుకున్నవాళ్ళకి కూడా అది వచ్చేది. కడుపు నిండటం వేరు, ఒంటికి అందటం వేరు. నూరేళ్ళ కిందటి పాఠం మా ఇంట్లో నేను ఇప్పుడు నేర్చుకున్నా.

మూడు నెలలైంది. బరువు ఇంకో 2 కిలోలే తగ్గింది, గీత మునుపటంత అందంగా లేదు. కానీ మొన్న ఉగాదికి పీట మీంచి తనే లేచింది, గోడ పట్టుకునే అనుకోండి. నేను రోజూ రాత్రి ఫోన్ చేసి "ఏం తిన్నావ్?" అని అడుగుతున్నా. మొదట్లో విసుక్కునేది. ఇప్పుడు నేను అడక్కముందే "రెండు గుడ్లు, గిన్నె పప్పు. నువ్వేం తిన్నావో చెప్పు ముందు" అంటోంది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఇంజెక్షన్ తీసుకుంటుంటే ఎంత తగ్గారని తర్వాత అడగండి. ఇవాళ ఏం తిన్నారో ముందు అడగండి.