ఛార్జింగ్ లేదన్న రోజు

సావనీరుకు వ్యాసం కావాలని మన విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, "డిజిటల్ విద్య – లాభనష్టాలు" అని అంశం కూడా వాళ్లే ఇచ్చారు. వినగానే స్కూల్లో వక్తృత్వపు పోటీల కోసం బట్టీ పట్టిన వాక్యాలన్నీ వరస కట్టి వచ్చాయి. విజ్ఞానం రెండు వైపులా పదునున్న కత్తి, ఇరవై ఒకటో శతాబ్దం, అరచేతిలో ప్రపంచం వగైరా. నాలుగు పేజీలు నింపి ఇచ్చేద్దామనే కూర్చున్నాను. తీరా కలం పట్టేసరికి మా ఇంటి అరుగు, ఆ అరుగు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న ఒక కుర్రాడు కళ్ల ముందు నిలిచారు. వాణ్ని దాటి ఒక్క వాక్యం ముందుకు సాగలేదు. అందుకని పాఠకులు క్షమించాలి. ఇది వ్యాసం కాదు, నా సొంత గొడవ.

మాది నందివెలుగు. తెనాలికి సైకిలు మీద పోయేంత దూరం. మాకు రెండెకరాల మాగాణి సొంతం, మరో మూడెకరాలు కౌలు. కాలువ నీళ్లొస్తే వరి, వరి కోశాక మినుమో మొక్కజొన్నో. నన్ను తెనాలిలో ప్రైవేటు స్కూల్లో వేశారు, చెల్లిని ఊళ్లోని ప్రభుత్వ బడిలో వేశారు. ఎందుకలా అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బళ్లు మూసేశారు. నేను అప్పుడు తొమ్మిది పూర్తిచేసి పదికి వెళ్లాలి. కొన్నాళ్లకి స్కూలు నుంచి ఫోనొచ్చింది: "పదో తరగతి కదండీ, ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెడుతున్నాం, స్మార్ట్ ఫోన్ కొనండి." ఇంట్లో ఉన్నది నాన్న దగ్గరున్న బటన్ల ఫోన్ ఒక్కటే. నాన్న రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు చావిట్లో ఉన్న పడ్డని బేరం పెట్టాడు. అది ఇంకో ఏడాదికి ఈని పాలిచ్చేది. అమ్మ దాని మెడలో తాడు విప్పుతూ, "ఇదే పాలిస్తుందనుకోరా, నువ్వు చదువుకుంటే" అంది. ఆ మాట నాకు అప్పుడు తలకెక్కలేదు. కొత్త ఫోనుకి గాజు అంటించాలా వద్దా అన్నదే నా ధ్యాస.

ఇంట్లో సిగ్నల్ నిలిచేది కాదు. గడ్డివామి ఎక్కితే రెండు గీతలు, మేడ మీద మూడు గీతలు. ఎండకి మేడ కాలిపోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని తెర చూసేవాణ్ని. సార్ బోర్డు మీద రాసింది కనపడదు. "అందరికీ వినపడుతుందా?" అని ఆయన అడిగితే నలభై మందిమీ ఒక్కసారే "వినపడట్లేదు సార్" అనేవాళ్లం. వినపడనివాడికి ప్రశ్న ఎలా వినపడిందని ఆయన అడగలేదు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. నలభై నల్లగళ్లతో మాట్లాడటం ఆయనకి మాత్రం ఎవరు నేర్పారు?

ఇక ఆ కుర్రాడి సంగతి. పేరు రాయను. వాళ్లమ్మ మా పొలానికి నాట్లకీ కలుపుకీ వచ్చేది. వాడిది నా ఈడే, ఊరి హైస్కూల్లో పదో తరగతి. దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో ప్రభుత్వం పాఠాలు వేయించేది. కానీ వాళ్లింట్లో టీవీ చెడిపోయి చాన్నాళ్లయింది. నాకు ఆన్‌లైన్ క్లాసులని తెలిసి ఒక రోజు మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కాస్త ఎడంగా కూర్చుని, "లెక్కలప్పుడు నేనూ చూడొచ్చా?" అన్నాడు. సరేనన్నాను. ఇద్దరికీ ఒక ఇయర్ ఫోన్, చెవికొకటి. వాడు లెక్కల్లో నాకన్నా చురుకు. సార్ సగం చెప్పగానే మిగతా సగం నోట్సులో వేసేవాడు. సిగ్నల్ పోయినప్పుడు నాకు త్రికోణమితి చెప్పింది వాడే. తాటిచెట్టు నీడ కొలిచి, కర్ర నీడ కొలిచి, చెట్టెంత ఎత్తో మా పొలం గట్టు మీదే తేల్చి చూపించాడు. ఆ లెక్క ఇప్పటికీ మర్చిపోలేదు.

నెలన్నర సాగింది. ఈలోగా నాకు ఫోన్లో ఆటలు అలవాటయ్యాయి. క్లాసు పెట్టి మ్యూట్ చేసి, పక్కన ఆట. వాడు పక్కనుంటే అది కుదరదు. ఒక రోజు వాడు పుస్తకం సంకన పెట్టుకుని వచ్చేసరికి ఆట మంచి పట్టులో ఉంది. తల కూడా ఎత్తకుండా, "ఛార్జింగ్ లేదురా" అన్నాను. అరవై శాతం ఉంది. తెర వెలుగు నా మొహం మీద పడుతూనే ఉంది. వాడు చూశాడు. "సర్లే, రేపొస్తా" అన్నాడు.

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు.

2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకి బళ్లు తెరిచారు. అప్పటికి వాడు మేస్త్రీల వెంట సెంట్రింగ్ పనికి కుదురుకున్నాడు. మళ్లీ రెండో ఉధృతి వచ్చింది. 2021 జూన్‌లో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. నేనూ పాస్, బడి ముఖం చూడని వాడూ పాస్! మా అమ్మ ఊరంతా మిఠాయి పంచింది. వాడికి ఆ కాగితం ఎప్పుడు చేరిందో నాకు తెలియదు.

ఇంటర్లో ఇంకో ముచ్చట. నేను చదివిన చోట ప్రాక్టికల్స్ చాలావరకు వీడియోలో చూపించి రికార్డు రాయించారు. కోనికల్ ఫ్లాస్కులో ఆక్సాలిక్ ఆమ్లం, రెండు చుక్కల ఫినాఫ్తలీన్, పైన బ్యూరెట్టులో సోడియం హైడ్రాక్సైడ్. లేత గులాబి రంగు రాగానే ఆపాలి. వీడియో పదిసార్లు చూశాను, నోటికి అప్పచెప్పగలను. డిగ్రీలో మొదటిసారి నిజం బ్యూరెట్టు పట్టుకుంటే ఏమైంది? కాక్ తిప్పిన చెయ్యి వణికింది, రంగు ఒక్కసారిగా చిక్కటి గులాబీ అయి కూర్చుంది. లెక్చరరు గారు కోప్పడలేదు. "ఒక్క చుక్క దగ్గర ఆగడం వేళ్లకి తెలియాలయ్యా, కళ్లకి తెలిస్తే చాలదు" అన్నారు. మా నాన్న దమ్ములోకి దిగి పాదంతో తొక్కి, నాటుకు పదును వచ్చిందో లేదో చెప్పడం గుర్తొచ్చింది. ఆ పదును ఏ తెర మీదా కనపడదు.

అలాగని నేను తెరలకి శత్రువును కాను. రాత్రి పదకొండింటికి మా ఊళ్లో కూర్చుని స్వయం, ఎన్‌పీటెల్ వేదికల మీద పెద్ద పెద్ద ఆచార్యుల భౌతికశాస్త్ర పాఠాలు వింటున్నాను. క్వాంటం మెకానిక్స్ కాస్తో కూస్తో తలకెక్కిందంటే ఆ పుణ్యమే. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు కూడా. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకి టీవీ పాఠాలు అందించారు. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాదు జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. అక్కడ ఊరందరికీ కలిపి ఒక్క టీవీ. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో పుట్టింది. బడికి రాలేనివాడి దగ్గరికి బడే వెళ్లాలన్నది ఈ ప్రయత్నాలన్నిటి సారం.

2022 డిసెంబరు 21న మాకు దగ్గర్లోనే, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రభుత్వం ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే 4 లక్షల 60 వేల మందికి దగ్గర దగ్గరగా ఇచ్చారు. మా చెల్లికీ ఒకటి వచ్చింది. పాఠాలు మెమరీ కార్డులోనే ఉండటంతో సిగ్నల్ గొడవ లేదు. చెల్లి అన్నం తింటూ చూసేది. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మా అమ్మ అంట్లు తోముతూ ఒక చెవి అటే పడేసేది. ఒక రాత్రి, "కిరణజన్య సంయోగక్రియ అంటే ఇదా! మాకు పేరొక్కటే నేర్పారు" అంది. మా ఇంట్లో అరచేతిలో ప్రపంచం అన్న మాటకి అర్థం ఆ ఒక్క పూటే కనిపించింది. ఆ ట్యాబు విలువ దాని లోపలి పాఠంలో సగం, పక్కన ఇంకో మనిషి కూర్చోవడంలో సగం.

అసలు లోటు ఎక్కడుందో అంకెలే చెబుతాయి. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ రౌండు ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 15 శాతం లోపు. కరోనా వచ్చి పడింది ఆ దేశం మీద. ఇది మొదటిసారి చదివినప్పుడు ప్రభుత్వాల మీద కోపం వచ్చింది. రెండోసారి చదువుతుంటే సిగ్గేసింది. మా అరుగు మీద ఆ లోటు ఒక పిల్లవాడికి తీరింది కదా. మళ్లీ తెచ్చిపెట్టింది ఏ ప్రభుత్వమూ కాదు. నేను.

ఇప్పుడు నాన్నకీ స్మార్ట్ ఫోన్ ఉంది. ఈ-క్రాప్ నమోదుకి ఓటీపీ వస్తే నాకే చూపిస్తాడు. "నువ్వు లేకపోతే ఇది నాకు అద్దం ముక్కేరా" అంటాడు. ఆయన నవ్వుతూ అంటాడు కానీ నాకు అరుగు గుర్తొస్తుంది.

మొన్న సంక్రాంతికి వాడు కనిపించాడు. చేతులు సిమెంటు పట్టి పగిలి ఉన్నాయి. "ఏరా, డిగ్రీ అయిపోవచ్చిందా?" అన్నాడు. వాడి ఫోన్లో మెట్లు కట్టే కొలతల వీడియోలు. ఎన్ని మెట్లకి ఎంత ఎత్తు, ఎంత వాలు, అన్నీ నోటి లెక్కలే. నాకు తాటిచెట్టు నీడ కనిపించింది. ధైర్యం చేసి, "ఆ రోజు ఛార్జింగ్ ఉందిరా" అన్నాను. వాడు నా వంక చూసి, "తెలుసులే" అన్నాడు. ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

పది పాసైన కాగితం ఉంది కాబట్టి సార్వత్రిక పాఠశాల ద్వారా ఇంటర్ కట్టొచ్చని చెప్పాను. ఆదివారాలు నేను కూర్చుంటానన్నాను. "పని లేని ఆదివారం ఉంటే చూద్దాం" అన్నాడు. దరఖాస్తు వివరాలు వాడి ఫోనుకి పంపాను. రెండు నీలం గీతలు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.

మిత్రులారా! మన కళాశాలలో కూడా స్మార్ట్ బోర్డులు వస్తున్నాయి, ఇంకా వస్తాయి. రానివ్వండి. కానీ మీ పక్క బల్ల మీదున్న వాడికి డేటా అయిపోయిందని తెలిస్తే హాట్‌స్పాట్ వేయండి. వాడు అడిగేదాకా ఆగకండి. అడగడం ఎంత కష్టమో నాకు తెలియదు. మా అరుగు మీద ఎడంగా కూర్చున్నవాడికి తెలుసు.

ఈ ఆదివారం నేను ఊరు వెళ్తున్నాను. వాడు వచ్చినా రాకపోయినా అరుగు మీద కూర్చుంటాను, లెక్కల పుస్తకం పెట్టుకుని.