అరగాల్సింది ఏది?

పాత కారున్నవాడికి సలహాలకు కొదవ ఉండదు. మా స్టాండర్డ్ హెరాల్డ్ క్లచ్ స్లిప్ కావడం మొదలైన వారంలోనే నాలుగు సలహాలు అందాయి. ఇంజన్ అరుస్తోంది, కారు మాత్రం కదలనంటోంది. పరిష్కారం దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరిదీ ఒక్కో సిద్ధాంతం.

మేముంటున్నది బిలాస్‌పూర్‌లో, వ్యాపార్ విహార్ దగ్గర. అది టోకు వ్యాపారుల పేట. సరుకు దింపే లారీలు, వాటిని నమ్ముకుని బతికే మెకానిక్‌లు. లారీ క్లచ్ అడిగితే క్షణాల్లో తెచ్చిస్తారు. రెండు తలుపుల హెరాల్డ్‌కు కావాలంటే మాత్రం ముందు నవ్వుతారు, తర్వాత టీ తెప్పిస్తారు.

నిజానికి దాని వంశం గొప్పదే. ఇటలీ డిజైనర్ జియోవన్నీ మికెలోట్టి రూపురేఖలు దిద్దిన ట్రయంఫ్ హెరాల్డ్ బ్రిటన్‌లో 1959లో విడుదలైంది. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుంచి దాన్ని మద్రాసులో తయారుచేసింది. ఇంజన్ 948 సీసీ. అదే ఛాసిస్‌ను కుదించి 1962లో బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును చేశారు. ఆ చుట్టరికం చూసుకునే నాలాంటివాళ్లు మాదీ స్పోర్ట్స్ కారేనని మురిసిపోతుంటారు. మద్రాసు కంపెనీ మూతపడి దశాబ్దాలైంది. ఇప్పుడు విడిభాగాలకు బ్రిటన్ వైపు చూడాలి, లేదంటే లారీ మెకానిక్‌ల తెలివిని నమ్ముకోవాలి.

రాయ్‌పూర్ మిత్రుడొకరు రేసు కార్లకు వాడే సిరామిక్ ప్లేటు వేయమన్నారు. అది జారదు, వేడికి లొంగదు. ఇంకొకరు స్పిట్‌ఫైర్ కిట్ తెప్పించమన్నారు. మారుతి వ్యాన్ ప్లేటును కోసి అమర్చొచ్చని మూడో ఆయన. పాత ప్లేటుకే కొత్త లైనర్లు కొట్టించమన్నది నాలుగో సలహా. అది మా మెకానిక్‌ది.

ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఇలాంటి కుటుంబాలు చాలానే ఉన్నాయి. సిరామిక్ మాట ఎత్తగానే ఆయన, ‘‘ఏటి సార్, రేసుకెళ్తారా?’’ అన్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. ‘‘క్లచ్ అరిగిపోడానికే పుట్టింది. అది అరగనంటే ఇంకోటేదో ఇరుగుతాది.’’

అది వేళాకోళం కాదు. ఇంజన్ తిరిగే వేగానికీ గేర్‌బాక్స్ తిరిగే వేగానికీ పొత్తు కుదిరేదాకా క్లచ్ కొద్దిగా జారుతూ ఆ ఒరిపిడిని తన మీద వేసుకుంటుంది. మెత్తని లైనర్ కుదుపును మింగేస్తుంది. సిరామిక్ ప్లేటు చటుక్కున పట్టేస్తుంది. ఆ దెబ్బ గేర్ల మీదా వెనుక ఇరుసు మీదా పడుతుంది. హెరాల్డ్ ఇరుసులు అంత బలమైనవి కావు. అవి విరిగితే వ్యాపార్ విహార్‌లో దొరకవు. రాజనీతి శాస్త్రం చదివిన నాకు ఈ వాదన వెంటనే నచ్చింది. ఎవరో ఒకరు తగ్గాల్సిన చోట తగ్గేవాణ్ని తీసేస్తే ఏమవుతుందో వార్తలు రాసేవాడికి తెలియనిదా?

కానీ నచ్చితే చాలదు, పరీక్షించాలి. హెరాల్డ్‌లో ఒక సుఖముంది. ఇంజన్ దించనక్కర్లేదు, కారు లోపలి కప్పు విప్పి గేర్‌బాక్స్‌ను అక్కణ్నుంచే బయటకు లాగొచ్చు. ప్లేటు వ్యాసం 6.25 అంగుళాలు. మధ్యలోని పళ్లు అరగలేదు, స్ప్రింగులు వదులు కాలేదు. స్పిట్‌ఫైర్ కిట్ అయితే అది ఏ మోడల్‌దో, దాని బోల్టు రంధ్రాలు మా ఫ్లైవీల్‌తో కలుస్తాయో లేదో ముందే చూసుకోవాలి. ఇంజన్ వెనుక నుంచి నూనె కారుతోందేమోనన్నది అన్నింటికన్నా ముందు చూడాల్సింది. కారుతుంటే ఏ దేశం ప్లేటైనా జారుతుంది.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా, షెడ్డులోని కుర్రాడు గాలి గొట్టం అందుకుని లోపలి నల్లటి దుమ్మును ఊదబోయాడు. వారించాను. ఆ కాలపు లైనర్లలో ఆస్‌బెస్టాస్ మామూలు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన ఆ పోగులు చేసే హానికి లక్షణాలు కనిపించేందుకు దశాబ్దాలు పడుతుంది. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు కార్మికుడి ఆరోగ్యం ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చింది. ఆ తీర్పు మీద పరీక్షలో వ్యాసం రాశాను. అది వర్తించాల్సిన చోటు ఇలాంటి షెడ్డేనని మాత్రం ఇప్పుడే తట్టింది. తడిగుడ్డతో తుడిపించాం. ఆ గుడ్డను సంచిలో కట్టించాం.

దాంతో నా ఎంపిక తేలిపోయింది. పాత ప్లేటుకే లైనర్లు, అదీ ఆస్‌బెస్టాస్ లేనివి. వాటి కోసం రెండు దుకాణాలు అదనంగా తిరిగాం. ప్రెషర్ ప్లేటు స్ప్రింగులు చూసి, రిలీజ్ బేరింగ్ మార్చి, ఫ్లైవీల్‌ను కొద్దిగా పట్టించాం. కొత్త లైనర్లూ ఎప్పుడో అరుగుతాయి. అరగాల్సింది అవే. ఇరుసో, ఆ కుర్రాడి ఊపిరో కాదు.