ఏ రాయప్ప? తల్లి పేరు చెప్పండి!

తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకెంత ముచ్చటో! ఆ ముచ్చటే పొలం కాగితాల దగ్గర ఎంత చిక్కు తెచ్చిపెడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

మా అత్తగారి అమ్మమ్మగారి ఊరు శామీర్‌పేట పక్కనే. కథోలిక కుటుంబం. అక్కడి పొలానికి 1954-55 ఖాస్రా పహాణీలో పట్టాదారు ‘రాయప్ప, తండ్రి చిన్నప్ప’ అని ఉంది. ఆ రాయప్ప కొడుకు చిన్నప్ప, మళ్ళీ ఈ చిన్నప్ప కొడుకు రాయప్ప! తాతకీ మనవడికీ పేరొకటే, తండ్రి పేరూ ఒకటే. పొలం మనవడిదైతే అత్తగారికి ఏ సంబంధమూ లేదు. తాతదైతే ఆయన కూతురిగా అత్తగారి అమ్మకి భాగముంది. వీలునామా రాయకుండా పోయిన క్రైస్తవుల ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉందని 1925 నాటి భారత వారసత్వ చట్టం చెబుతోంది మరి.

పహాణీ తేల్చనిది విచారణ గుడిలోని జ్ఞానస్నానాల పుస్తకం తేల్చింది. అందులో బిడ్డ పేరు, తేదీతోపాటు తల్లి, తండ్రి, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లుంటాయి. పెళ్ళయ్యాక ఆ వివరమూ పక్కనే రాస్తారు. పాత పుస్తకాలు లాటిన్‌లో ఉంటే రాయప్పని ‘పేత్రుస్’ అనీ, చిన్నప్పని ‘పౌలుస్’ అనీ వెతకాలి సుమండీ! అలా ‘పౌలుస్ కొడుకు పేత్రుస్’లు ముగ్గురు తేలారు. ఒకరి తల్లి పేరు చూడగానే వేరే ఇంటివాడని తెలిసిపోయింది. మిగిలిన ఇద్దరూ మన తాతా మనవడూ. పహాణీ రాసేనాటికి మనవడికి పదేళ్ళయినా నిండలేదు! తాత అప్పటికింకా బతికే ఉన్నారని భూస్థాపనల పుస్తకం చెప్పింది. ఇక ఎవరూ కాదనలేదు. పంపకాల కాగితం మీద అత్తగారూ సంతకం పెట్టారు.

మీరు ఏ మతంవారైనా సరే, పహాణీలో పేరొక్కటే చూసి ఊరుకోకండి. సర్వే నంబరు, విస్తీర్ణం, సంవత్సరం కలిపి చూడండి. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటే దానికి 590 కలపండి. 1350 ఫసలీ అంటే సుమారు 1940 అన్నమాట. జిల్లా పేరు చూసి కూడా కంగారుపడొద్దు. మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ళు 1978లో హైదరాబాదు జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లాలోకి, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చాయి.

అన్నట్టు, పహాణీలో తల్లి పేరుకి గడి ఉండదు. అందుకే ఇంట్లో పెద్దవాళ్ళుండగానే తాతముత్తాతల పేర్ల పక్కన వాళ్ళ తల్లుల పేర్లు, ఆ తల్లుల పుట్టిళ్ళు అడిగి ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. ఆ పని మనం చేయకపోతే ఇంకెవరు చేస్తారు చెప్పండి!