లాటరీ వేసిన వీధులు

లిలువా,
ఆదివారం రాత్రి

బుజ్జీ,

క్షేమంగా చేరాను. హౌరాలో మెయిలు దిగి బ్యాండెల్ లోకల్ ఎక్కితే మొదటి స్టేషనే లిలువా. బాబాయి ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. నువ్వు రాలేదని పిన్ని అలిగింది. నీకు ఆర్కిటెక్చర్ థీసిస్ పని ఉందని చెప్పినా ఒప్పుకోలేదు, పూజలకైనా రావాలంది.

ఊరంతా రైల్వే మయం. క్యారేజీ, వ్యాగన్ల వర్క్‌షాపు హౌరా నుంచి 1900లో ఇక్కడికొచ్చింది. దాని గోడ పట్టుకుని నడిస్తే సగం ఊరు చూసినట్టే. బాబాయి ఉద్యోగమంతా ఆ గోడ లోపలే గడిచింది. రిటైరైనా షిఫ్టు సైరన్ మోగితే టైము చూసుకుంటాడు.

నువ్విచ్చిన వెంచూరి, డెనిస్ స్కాట్ బ్రౌన్, ఐజెనూర్ల పుస్తకం రైల్లోనే పూర్తిచేశాను. 1968లో యేల్ విద్యార్థుల్ని వెంటబెట్టుకుని లాస్ వేగాస్ వెళ్లి, అందరూ చవకబారుగా చూసే నియాన్ బోర్డుల్ని ప్రాచీన కట్టడాలంత శ్రద్ధగా కొలిచారే, ఆ ధైర్యం నాకు బాగా నచ్చింది. కారులో దూసుకుపోయేవాడి కంటికి భవనం ఆనదు, బోర్డే ఆనుతుంది. అందుకే అక్కడ బోర్డు ఆకాశమంత, దాని వెనక కట్టడం మామూలు షెడ్డు. 1972లో ఆ పుస్తకం వచ్చాక ఆర్కిటెక్టులు వీధిని చూసే చూపే మారిందని నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. కానీ జూదం మంచిచెడ్డలు ఇక్కడ మా చర్చ కాదని వాళ్లు ముందే పక్కన పెట్టేశారు. నాకు పట్టిందల్లా ఆ పక్కన పెట్టినదే.

జూదం నగరాలంటే రాసేవాళ్లకీ గీసేవాళ్లకీ ఎందుకంత మోజు అని అడిగావు కదా. జవాబు ఈ ఊళ్లోనే వెతుకుతాను.

స్టేషను బయట టీకొట్టు పక్కన గొడుగు కింద ఒక చిన్న బల్ల ఉంది. దానినిండా లాటరీ టికెట్లు. మన రాష్ట్రంలో లాటరీలు లేవు కాబట్టి నువ్వు చూసి ఉండవు. ఇక్కడ బెంగాల్ ప్రభుత్వ లాటరీ 1968లోనే మొదలైంది, దానికి తోడు నాగాలాండ్ లాటరీ వచ్చింది. రోజుకు మూడు డ్రాలు, మొదటి బహుమతి కోటి రూపాయలు. టికెట్లు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారినట్టు పేర్చి ఉంటాయి. ఎంత కొసకు కప్పినా చివరి నాలుగంకెలు మాత్రం కనబడతాయి. చిన్న బహుమతులన్నీ ఆ నాలుగంకెల మీదే. డ్యూటీ దిగి వచ్చిన మనిషి ఒకడు సంచీ భుజానికి తగిలించుకుని, వేలితో ఆ అంకెలు తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. అంతకుముందు కొన్నది ఫలితాల కాగితంతో పోల్చి, “ఒక్క అంకెలో పోయింది” అన్నాడట, బాబాయి చెప్పాడు. ఆ మాటే అతన్ని మళ్లీ కొనిపించింది. ఒక్క అంకె తేడా అయినా నాలుగంకెల తేడా అయినా పోవడం పోవడమే. అయినా దగ్గరిదాకా వచ్చినట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడాన్ని ఎవరో కూర్చుని డిజైన్ చేశారు బుజ్జీ.

అన్నయ్య


లిలువా,
మంగళవారం

బుజ్జీ,

ఇవాళ టౌన్ హాలూ, కాలేజ్ స్ట్రీటూ చూసొచ్చాను.

కలకత్తా చాలావరకు లాటరీ డబ్బుతో కట్టిన ఊరు. ఇది పోలిక కోసం అంటున్న మాట కాదు, అచ్చంగా లెక్కల్లో ఉన్న సంగతి. 1787లో తెరిచిన సెయింట్ జాన్స్ చర్చికి కొంత డబ్బు లాటరీ వేసి పోగుచేశారు. 1813 నాటి టౌన్ హాలు, ఆ బలమైన డోరిక్ స్తంభాలతో సహా, లాటరీ సొమ్ముతో లేచిందే. కట్టిన ఇంజనీరు జాన్ గార్‌స్టిన్, పట్నా గోల్‌ఘర్ కట్టినాయనే. 1817లో ఏకంగా లాటరీ కమిటీ అనే పేరుతోనే ఒక సంస్థ పెట్టి, టికెట్లమ్మగా మిగిలిన డబ్బుతో రోడ్లు వేయడం, చెరువులు తవ్వడం, నగరానికి ప్లాను గీయడం మొదలుపెట్టారు. ఆ కమిటీ కోసమే మేజర్ షాల్క్ సర్వే చేసిన పటం 1825లో వచ్చింది. నీ థీసిస్‌కి తప్పకుండా సంపాదించు.

ఆ పటంలో దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకే గీతలా సాగే వీధుల వరస ఉంది: వుడ్ స్ట్రీట్, వెల్లెస్లీ స్ట్రీట్, వెల్లింగ్టన్ స్ట్రీట్, కాలేజ్ స్ట్రీట్, కార్న్‌వాలిస్ స్ట్రీట్. మధ్యమధ్య చెరువుతో ఒక చౌకం. నదిని ఆనుకుని స్ట్రాండ్ రోడ్డు. అన్నీ కమిటీ వేసినవే. ఆ గీతకు అడ్డొచ్చిన గుడిసెలు ఖాళీ అయ్యాయి. జూదం సొమ్ముతో ఊరు బాగుచేయడం ఏమిటని ఇంగ్లండులో విమర్శలు పెరిగి, 1836లో కమిటీకి తెరపడింది.

ఈ సంగతులు మనసులో పెట్టుకుని కాలేజ్ స్ట్రీట్‌లో నడుస్తుంటే ఒళ్లు జలదరించింది. రెండు వైపులా పుస్తకాల కొట్లు, చెక్క అరల్లోంచి ఫుట్‌పాత్ దాకా పొర్లిన పుస్తకాలు, సంస్కృత కళాశాల, ప్రెసిడెన్సీ, 1857 నాటి విశ్వవిద్యాలయం, గోల్‌దిఘీ చెరువు, కాఫీ హౌస్. బెంగాలీ సాహిత్యం రాసినవాళ్లూ అచ్చేసినవాళ్లూ తిరిగిన వీధి ఇది. ఈ వీధికి రాళ్లు పరిచింది ఎవరు? బహుమతి రాని టికెట్లు కొన్నవాళ్లు. గెలిచినవాడు డబ్బు ఇంటికి పట్టుకుపోయాడు. ఓడినవాళ్ల డబ్బే వీధైంది. వాళ్లలో ఒక్కరి పేరూ ఏ ఫలకం మీదా లేదు.

వేగాస్ మెరుపు చూసి జూదం నగరమంటే అదే అనుకుంటాం. చదువుల వీధిగా పేరుపడ్డ వీధి కూడా ఆ సొమ్ముతోనే లేచిందని తెలిశాక, నగరాన్ని చూసే చూపులో ఒక ప్రశ్న అదనంగా చేరుతుంది. ఇది ఎవరు పోగొట్టుకున్న డబ్బు? ఆ ప్రశ్న నీ డ్రాయింగుల్లో కూడా ఉండాలని నా కోరిక.

అన్నయ్య


లిలువా,
గురువారం సాయంత్రం, వాన

బుజ్జీ,

పొద్దుట్నించీ వదలని వాన. గడప దాటలేదు. వాన పేరు చెప్పి బాబాయి బడాబజార్ కథ ఎత్తుకున్నాడు. వెనక తరాల్లో ఇక్కడి వర్తకులు వాన మీద పందేలు కాసేవారు. ఫలానా గంటలోపు ఫలానా మేడ మీద పడిన వాన, గొట్టంలోంచి కిందికి కారేంత పడుతుందా లేదా అని పందెం. మబ్బుల్ని చదవగలిగినవాళ్లకు గిరాకీ, దుకాణాల ముందు గుంపులు. ప్రభుత్వం 1897లో దీన్ని ఆపడానికి ప్రత్యేకంగా చట్టమే చేసింది. రితు బిర్లా వంటి చరిత్రకారులు దీని మీద వివరంగా రాశారు. వ్యాపారంలో లెక్కగట్టి తీసుకునే సాహసం ఎక్కడ ముగుస్తుంది, జూదం ఎక్కడ మొదలవుతుంది అన్న తగువు ఆ గొట్టం చుట్టూ నడిచింది. వాననీళ్లు పోవడానికి నువ్వు ప్లానులో ఓ మూల గీసే చిన్న గొట్టం ఒకప్పుడు ఇక్కడ ఊరి అదృష్టాన్ని తేల్చింది. కట్టడంలో ఏ భాగమూ చిన్నది కాదని మీ మాస్టార్లు చెప్పే మాటకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఉండదు.

ఇక రాసేవాళ్ల సంగతి. కలకత్తా మైదానంలో గుర్రప్పందేల కోర్సు ఉంది, 1847లో పుట్టిన టర్ఫ్ క్లబ్బు దాన్ని నడుపుతుంది. కలకత్తా డెర్బీ స్వీప్ లాటరీ టికెట్లకు ఒకనాడు ప్రపంచమంతా పేరు. సత్యజిత్ రాయ్ 1971లో తీసిన ‘సీమాబద్ధ’, శంకర్ నవల మీద తీసింది, అందులో కంపెనీ ఆఫీసరు మరదల్ని ఈ పందేలకు తీసుకొస్తాడు. గ్యాలరీ, టోపీలు, గుర్రాలు, అంతా సరదాగా కనబడుతుంది. అసలు జూదం తర్వాత ఆఫీసులో జరుగుతుంది. ఎగుమతి ఒప్పందం తప్పిపోకుండా, ఫ్యాక్టరీలో కావాలని గొడవ రేపిస్తాడు. అతనికి ప్రమోషన్ వస్తుంది. ఆ గొడవలో దెబ్బ తగిలింది మాత్రం గేటు దగ్గరి కాపలావాడికి. రాయ్ కెమెరా అతన్ని మరిచిపోలేదు. అందుకే అది గొప్ప సినిమా.

దోస్తోయెవ్‌స్కీ ‘జూదరి’ నవల 1866లో వచ్చింది. అప్పులు నెత్తిమీద కూర్చుంటే, ప్రచురణకర్త పెట్టిన గడువులోగా అన్నా అనే స్టెనోగ్రాఫర్‌కు చెప్పి రాయించాడు. జర్మనీ జూదశాలల దీపాలు ఆయనకు బాగా తెలుసు. కానీ ఆ నవల నిలిచింది దీపాల వల్ల కాదు. ఇంకొక్కసారి ఆడితే అంతా సర్దుకుంటుందని నమ్మే మనిషిని లోపలి నుంచి చూపినందువల్ల.

మనకు ఇంకా ముందే ఉంది. సభాపర్వం మొదట్లో మయసభ. నీరని తోచే నేల, నేలని తోచే నీరు. దుర్యోధనుడి కడుపుమంట అక్కడ రాజుకుంది. ఆ తర్వాత హస్తినలో ఇంకో సభ కట్టించి పాచికలు వేశారు. ఒకే పర్వంలో గొప్ప కట్టడమూ గొప్ప జూదమూ పక్కపక్కనే ఉన్నాయి. కవి సభను కళ్లు చెదిరేలా వర్ణించాడు, కానీ అక్కడ ఆగిపోలేదు. ముందు తనను తాను ఓడి నన్ను ఒడ్డాడా, నన్ను ఓడి తనను ఒడ్డాడా అన్న ద్రౌపది ప్రశ్నను అదే సభ నడిమధ్యలో నిలబెట్టాడు. ఒడ్డిన వస్తువే నోరు తెరిచి అడిగిన ప్రశ్న అది. పెద్దలెవరికీ జవాబు దొరకలేదు.

‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంట్లో పేకాట గుర్తుందా? ఆ ముక్కలు పంచుకునే చోట ఊరి పెద్దమనుషుల నైజమంతా బయటపడుతుంది. గురజాడ ఆటను వదిలి ఆడేవాళ్ల మీద దీపం పెట్టాడు.

కాబట్టి నీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. మామూలు రోజుల్లో మనిషి ఆశను మడిచి లోపల దాచుకుంటాడు. జూదం దగ్గర అది ముఖం మీదికొచ్చేస్తుంది. రాసేవాడు దానికోసం వెళతాడు. గీసేవాడు ఆ ఆశను పిలిచే వెలుగు చూడ్డానికి వెళతాడు. ఇద్దరికీ పని దొరుకుతుంది. చిక్కల్లా ఒకటే, ఆ వెలుగు ఓడినవాణ్ణి కనబడనివ్వదు.

అన్నయ్య


లిలువా,
శనివారం

బుజ్జీ,

ఇదే రైలు దారిలో ఇంకా పైకి, రిష్రా, శ్రీరాంపూర్ దాటి వెళితే చందన్‌నగర్. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లది, మన యానాంలాగే. దసరాకూ జగద్ధాత్రి పూజకూ బెంగాల్ వీధుల్లో కదిలే దీపాల బొమ్మలన్నీ చాలావరకు ఈ ఊరి పనివాళ్లు చేసినవే. శ్రీధర్ దాస్ అనే కళాకారుడు ఈ విద్యకు దేశదేశాల్లో పేరు తెచ్చాడు. పూజలు దగ్గరపడ్డాయి కాబట్టి షెడ్లలో రాత్రీ పగలూ పని. బాబాయికి తెలిసినవాళ్లుంటే ఒక షెడ్డులోకి వెళ్లాం.

వెదురు బద్దల చట్రం మీద చేప బొమ్మ. దాని తోక ఆడాలి. తోకను మూడు చోట్ల మూడు వరసల బల్బులతో గీశారు. మొదటి వరస వెలిగి ఆరేలోపు రెండోది, అది ఆరేలోపు మూడోది. కంటికి తోక ఊగినట్టు ఉంటుంది. ఇప్పుడు ఎల్ఈడీలు, సర్క్యూట్ బోర్డులు. కానీ ఆ పెద్దాయన పాత రోలరు బయటికి తీసి చూపించాడు. చెక్క డోలు, దాని మీద లెక్క ప్రకారం అతికించిన లోహపు రేకులు. మోటారు డోలును తిప్పుతుంటే, రేకు తీగను తాకినంతసేపూ ఆ వరస వెలుగుతుంది. రేకు పొడవే వెలుగు నిడివి. రేకుల మధ్య ఖాళీయే చీకటి. ఆయన రేకు మీద వేలు పెట్టి, ఇది తోక పైకి, ఇది కిందికి అని చెబుతుంటే చూస్తూ నిలబడిపోయాను. బొమ్మ కదలికంతా ఆ డోలు మీద రాసి ఉంది.

వేగాస్‌లో పరుగులు తీసే బల్బుల వెనక ఉన్న సూత్రమూ ఇదే. ఒకటి ఆరి ఒకటి వెలిగి, కంటిని తలుపు దాకా నడిపిస్తుంది. తేడా ఆ తలుపులో ఉంది. అక్కడ వెలుగు చివర డబ్బు తీసుకునే బల్ల ఉంటుంది. ఇక్కడ అమ్మవారు ఉంటుంది, చూడ్డానికి టికెట్టు లేదు. యునెస్కో 2021లో కలకత్తా దుర్గాపూజను తన జాబితాలో చేర్చింది. ఆ ఏడే లేక్ టౌన్ వైపు శ్రీభూమి పందిరిని బుర్జ్ ఖలీఫాలా కట్టారు. వెనక మామూలు చట్రం, ముందు వైపు మాత్రం ఆకాశాన్నంటే ముఖం. నీ పుస్తకంలో చెప్పిన అలంకరించిన షెడ్డు అచ్చంగా ఇదే. అయిదు రోజులుంటుంది, విప్పేస్తారు.

లాస్ వేగాస్‌కు స్వాగతం చెప్పే ప్రసిద్ధమైన బోర్డును 1959లో బెట్టీ విల్లిస్ గీసింది. దాని మీద హక్కులేవీ పెట్టుకోకుండా ఊరికే ఇచ్చేసింది. అంటే జూదం నగరంలో కూడా కళాకారుల చెయ్యి ఇలా ఇవ్వగలదు. విద్య తప్పు కాదు బుజ్జీ. వెలుగును పరుగెత్తించే నేర్పు, దూరం నుంచి మనిషిని పిలిచే నేర్పు, అవి తీసుకో. ఆ పిలుపు వెనక ఎవరికి ఏం పోతుందో దాచే తెలివి మాత్రం తీసుకోకు. నేను రాతలో పాటించాలనుకుంటున్నదీ ఇంతే.

ఇప్పుడు ఒక మాట. నీ థీసిస్‌కి వేగాస్ ఎందుకు? సంక్రాంతికి మన భీమవరం చుట్టూ చట్టం వద్దన్నా వెలిసే కోడిపందేల బరులున్నాయి. పొలాల్లో షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, తెరలు, పక్కనే గుండాట బల్లలు. మూడు రోజుల జూదం నగరం అది, దాన్ని ఇంతవరకు కొలిచి గీసినవాళ్లు నా ఎరుకలో లేరు. దీపాలు, దారులు, గ్యాలరీలు, డబ్బు చేతులు మారే చోట్లు నువ్వు గీయి. ఓడి ఇంటికి పోయేవాళ్లతో, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లతో నేను మాట్లాడి రాస్తాను. పేర్లు బయటపెట్టం. రెండూ కలిపి ఒకే పుస్తకం చేద్దాం. మీ గైడ్‌ని అడిగి చూడు, ఒప్పుకోకపోతే నేనే వచ్చి మాట్లాడతాను.

పిన్ని నీకోసం చందన్‌నగర్ జలభరా సందేశ్ కట్టిచ్చింది. సోమవారం మెయిలుకు బయల్దేరుతున్నాను. అమ్మకూ నాన్నకూ చెప్పు.

అన్నయ్య