కాజీపేటలో రిటైర్డ్ రైల్వేవాళ్ల దినచర్య

రిటైరైన మనిషికి స్నేహితుడు పోతే ఆ దుఃఖానికి ఆచారంలో చోటు లేదు. భార్యాపిల్లలకు మైల ఉంటుంది. పిట్టకు పెట్టే రోజు, దినాలు, సంవత్సరీకం అన్నీ ఉంటాయి. వచ్చిపోయే చుట్టాలతో ఇల్లు నిండి ఉంటుంది. పాతికేళ్లు ఒకే ఇంజన్ మీద పనిచేసిన తోటివాడికి మాత్రం శ్మశానం నుంచి వచ్చి తలస్నానం చేస్తే అయిపోయినట్టే. ఆ మర్నాటి నుంచి అతని రోజులు ఎలా గడుస్తాయో కాజీపేట జంక్షన్ చుట్టుపక్కల కాలనీల్లో చూడవచ్చు.

కాజీపేట దక్షిణ మధ్య రైల్వేలో సికింద్రాబాద్ డివిజన్ కిందికి వస్తుంది. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ లైన్లు ఇక్కడ కలుస్తాయి. డీజిల్, ఎలక్ట్రిక్ లోకో షెడ్లు రెండూ ఉన్నాయి. అందుకే డ్రైవర్లు, గార్డులు, షెడ్ ఫిట్టర్లు ఉద్యోగం అయ్యాక కూడా ఊరు వదలకుండా ఫాతిమానగర్, సోమిడి వైపు ఇళ్లు కట్టుకున్నారు. చాలా ఇళ్లలో పిల్లలు హైదరాబాద్‌లోనో, విదేశాల్లోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది ముసలి దంపతులే.

బండి నడిపేవాళ్లను రైల్వేలో రన్నింగ్ స్టాఫ్ అంటారు. వాళ్ల స్నేహం మామూలు ఆఫీసు స్నేహం కాదు. వాళ్ల డ్యూటీకి పగలూ రాత్రీ తేడా లేదు. సెల్‌ఫోన్లు రాకముందు కాల్ బాయ్ అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టి, కాల్ బుక్‌లో సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. పండగలకు, పిల్లల పుట్టినరోజులకు ఇంట్లో లేని రోజులే ఎక్కువ. అవతలి స్టేషన్ రన్నింగ్ రూమ్‌లో పక్క మంచం మీద పడుకున్నవాడే ఆ రాత్రికి అయినవాడు. స్టీమ్ ఇంజన్ల కాలంలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి, డీజిల్ అసిస్టెంటై, చివరికి డ్రైవరైనవాళ్లకు ఆ మార్పులన్నీ కలిసి చూసిన తోటివాడు ఒక్కడైనా ఉంటాడు. రిటైరై ఎన్నేళ్లయినా తెల్లవారుజామున రెండింటికి మెలకువ వచ్చే అలవాటు పోదు. ఆ మెలకువ సంగతి వేరేవాళ్లకు చెప్పినా అర్థం కాదు, ఆ తోటివాడికైతే చెప్పనక్కర్లేదు.

మేం వెళ్లింది నవంబరులో. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు, వాళ్లలో రైల్వేవాళ్లూ, బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల అది. ఎనభై దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. ఆ సర్టిఫికెట్‌ను వేలిముద్రతో ఆన్‌లైన్‌లో ఇచ్చేందుకు 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ పద్ధతి వల్ల ఇప్పుడు బ్యాంకు క్యూలో నిలబడే పని తగ్గింది. అయినా పెన్షనర్ల సంఘం గదికి జనం వస్తూనే ఉన్నారు. జీవితమంతా లివర్లు, హ్యాండిళ్లు పట్టిన చేతులు కదా, వేలిముద్రలు అరిగిపోయాయి. ఒక పెద్దాయన బొటనవేలు తుడుచుకుని నాలుగైదుసార్లు నొక్కినా యంత్రం తీసుకోలేదు. పక్కనున్న కుర్రాడు ఫోన్‌లో ఆయన ముఖం చూపించి పని పూర్తిచేశాడు. సభ్యుల రిజిస్టర్‌లో పోయినవాళ్ల పేర్ల పక్కన ఎర్ర సిరాతో తేదీ వేసి ఉంది.

అదే గదికి ఒక రిటైర్డ్ డ్రైవరు, చనిపోయిన స్నేహితుడి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ప్లాస్టిక్ కవర్‌లో పెన్షన్ పేమెంట్ ఆర్డర్ (పీపీఓ), మున్సిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం, ఆధార్, పాస్‌బుక్ ఉన్నాయి. “వదినా, ఈడ సంతకం చెయ్యి. తొందరేం లేదు, మెల్లగ చెయ్యి” అన్నాడు. ఆమె పేరు పీపీఓలో ఉంటే పని తేలికే. దరఖాస్తు, మరణ ధ్రువపత్రం బ్యాంకుకు ఇస్తే, భర్త పోయిన మర్నాటి నుంచి లెక్కగట్టి కుటుంబ పెన్షన్ మొదలుపెడతారు. మామూలు రేటు చివరి మూలవేతనంలో 30 శాతం. రన్నింగ్ స్టాఫ్‌కు పెన్షన్ లెక్కలో మూలవేతనానికి మరో 55 శాతం కలుపుతారు కాబట్టి, పాత కాగితాల్లో అంకె సరిగ్గా పడిందో లేదో చూడగలిగేది ఆ సర్వీసు తెలిసినవాళ్లే. ఆ డ్రైవరు కళ్లజోడు సర్దుకుని ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాడు. ఆచారం ఇవ్వని పని ఆయనకు ఈ కాగితాలు ఇచ్చాయి. ఆ గదిలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది ఇదే.

మిగతా రోజువారీ పనుల్లో లోటు తెలుస్తూనే ఉంటుంది. గుండెకో, కంటికో పెద్ద వైద్యం కావాలంటే సికింద్రాబాద్ లాలాగూడలోని రైల్వే సెంట్రల్ ఆసుపత్రికి వెళ్లాలి. పొద్దున్నే రైలెక్కి, చీటీ రాయించుకుని, మందుల కిటికీ దగ్గర నిలబడి, సాయంత్రం రైలుకు తిరిగి రావాలి. ఇద్దరుంటే ఒకరు వరుసలో ఉంటారు, ఒకరు కూర్చుంటారు. ఒక్కడే అయ్యాక కొందరు ఆ ప్రయాణమే మానేసి పాత చీటీతోనే మందులు కొనుక్కుంటున్నారు. ఉదయం నడక కూడా ముందు తగ్గి, తర్వాత ఆగిపోతుంది. దీన్ని మొదట గమనించేది ఇంట్లో ఆడవాళ్లు. భర్త బయటికి వెళ్లడం లేదని సంఘానికి ఫోన్ చేసే భార్యలున్నారు. అప్పుడు ఇద్దరు ముగ్గురు వచ్చి, ఏదో పని ఉందని చెప్పి ఆయన్ని గదికి తీసుకెళ్తారు. క్యారమ్ ఆడకపోయినా, పేపరు చదివి వినిపించమంటారు.

తండ్రి పోయిన ఇళ్లలో పిల్లలకు ఒక్క మాట. దినాలు అయ్యాక ఊళ్లకు తిరిగి వెళ్లేముందు, నాన్న స్నేహితుడి ఇంటికి వెళ్లి కాసేపు కూర్చోండి. అమ్మ పెన్షన్ కాగితాలు ఆయనకు చూపించి సాయం అడగండి. నెలకోసారి ఆయనకూ ఫోన్ చేయండి.